ముసురులో బట్టలు ఇంట్లో ఆరేస్తే ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి?

ముసురు పట్టి మూడు రోజులైందంటే బెజవాడలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా హాలు ఒకేలా కనిపిస్తుంది. ఫ్యాన్ కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల వీపుల మీద జీన్స్ ప్యాంట్లు, తలుపు రెక్కల మీద తువ్వాళ్లు, కిటికీ ఊచలకి స్కూల్ సాక్సులు. చుట్టం వస్తే కూర్చోమనడానికి చోటుండదు. నాలుగో రోజుకి ముక్క వాసన మొదలవుతుంది, ఇంకో పది రోజులకి బీరువా పక్కకి జరిపి చూస్తే గోడ మీద నల్లటి చుక్కలు.

ఆ చుక్కలు చూశాక మా ఇంట్లో ఏటా ఒకటే గొడవ. మా అత్తగారిది తెనాలి పక్కన పల్లెటూరు, "కిటికీలు తీసి పెట్టమ్మా, గాలాడకపోతే బట్ట ఎలా ఆరుతుంది" అంటారు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి ఫోన్ తీసి చూపిస్తాడు: "నానమ్మా, బయట హ్యుమిడిటీ 84 ఉంది, ఆ గాలిని లోపలికి రానిస్తే ఇంకా తడుస్తాయి, మూసేసి ఏసీ డ్రై మోడ్‌లో పెడదాం." నెట్‌లో వెతికితే ఇద్దరివైపూ సలహాలు దొరుకుతాయి, వాటిలో సగం చలి దేశాల వాళ్లు వాళ్ల ఇళ్ల కోసం రాసుకున్నవి. నిజానికి ఇద్దరూ తప్పు చెప్పట్లేదు, కాకపోతే ఇద్దరూ వేరువేరు గంటల గురించి మాట్లాడుతున్నారు. అది తేలాలంటే కాస్త లెక్క చూడాలి.

ఇగరడం, తేమ శాతం, డ్యూ పాయింట్: మూడు మాటలు

నీళ్లు మరగకుండానే మెల్లగా ఆవిరైపోవడాన్ని ఇగరడం అంటారు. రొయ్యల ఇగురులో ఉన్న మాటే. పొయ్యి మీద కూర వేడికి ఇగురుతుంది, దండెం మీద బట్ట ఏ పొయ్యీ లేకుండా ఇగురుతుంది, తేడా అంతే. బట్టలోంచి బయల్దేరిన నీటికి గాలిలో చోటు కావాలి, ఆ చోటు ఎంతుందన్నదే అసలు ప్రశ్న.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటిని మోస్తుంది, 28 దగ్గర 27 గ్రాములు, 42 దగ్గర 56 గ్రాములు. ఫోన్‌లో కనిపించే హ్యుమిడిటీ శాతం అంటే ఆ మోయగలిగిన దానిలో ఎంత నిండింది అని. సిటీ బస్సులో ఎన్ని సీట్లు నిండాయో చెప్పే సంఖ్య అనుకోండి, ఆ బస్సు ఎంత పెద్దదో మాత్రం అది చెప్పదు. వేడి పెరిగితే బస్సు పెద్దదవుతుంది, చల్లబడితే చిన్నదవుతుంది. ఎక్కినవాళ్లు అంతే ఉన్నా శాతం మారిపోతుంది.

ఇది పట్టుకుంటే మన ఊరి రెండు సీజన్లూ అర్థమవుతాయి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకుంటే ప్రతి ఘనపు మీటరులోనూ ఇంకో 39 గ్రాముల నీటికి చోటుంది. ఆగస్టు ముసురులో 28 డిగ్రీలు, 80 శాతం అయితే మిగిలిన చోటు 5 గ్రాములకు కాస్త ఎక్కువ. ఏడో వంతు. రోహిణీ కార్తెలో చీర ఇలా ఆరేసి అలా తీసుకెళ్లే ఊర్లోనే శ్రావణ మాసంలో అదే చీర రెండు రోజులు దండెం మీద వేలాడటానికి కారణం ఎండ ఒక్కటే కాదు, గాలిలో చోటు లేకపోవడం.

ఫోన్ లేని రోజుల్లో దీన్ని కొలిచే సాధనం మన వంటింట్లోనే ఉండేది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఉప్పు జాడీ అడుగున నీరు ఊరిందని అత్తగారు అంటే, ఇవాళ బట్టలు ఆరవని చెబుతున్నట్టే.

ఇక డ్యూ పాయింట్. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బల్ల మీద పెడితే ఒళ్లంతా చెమటలు పడతాయి కదా. సీసాని తాకిన గాలి చల్లబడింది, అంటే బస్సు చిన్నదైపోయింది, చోటు చాలనివాళ్లు దిగిపోయారు. గాలి ఏ వేడి దగ్గర ఇలా నీళ్లు వదలడం మొదలుపెడుతుందో అది డ్యూ పాయింట్. 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలికి అది 24 డిగ్రీల చిల్లర. మన ఇళ్లలో అంత చల్లటి చోట్లు ఉంటాయా అంటే, ఏసీ రాక ముందు లేవు, ఇప్పుడు ఉన్నాయి.

పది పన్నెండు గది, ఐదు కిలోల బట్టలు

ఐదు కిలోల పొడి బట్టలు, అంటే నలుగురి ఇంట్లో ఒక రోజువి అనుకుందాం. చేత్తో పిండి ఆరేస్తే వాటిలో ఐదు లీటర్ల నీళ్లున్నా ఆశ్చర్యం లేదు. మెషీన్‌లో స్పిన్ చేస్తే మూడు లీటర్ల చుట్టూ ఉంటాయి. మూడే అనుకుందాం.

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. ఘనపు మీటర్లలో 34. లోపల 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందంటే ముసురు రోజుల్లో అదృష్టమే. ఆ గాలి పూర్తిగా నిండిపోవడానికి ఇంకా ఎంత నీరు పడుతుంది? ఘనపు మీటరుకి 9 గ్రాముల చొప్పున మొత్తం 310 గ్రాములు. బట్టల్లో ఉన్నది 3,000 గ్రాములు.

తలుపులు బిగించి ఫ్యాన్ ఐదు మీద పెట్టి పడుకుంటే జరిగేది ఇదే. ఫ్యాన్ బట్ట చుట్టూ పట్టుకుని కూర్చున్న తడిగాలి పొరని చెదరగొడుతుంది, అందుకే మొదటి గంటలో బట్ట గబగబా ఆరుతున్నట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత తిప్పిన గాలినే తిప్పుతుంది. నీటిని గది దాటించడం ఫ్యాన్ వల్ల కాదు. మిగిలిన నీళ్లు కొంత బట్టలోనే ఉండిపోతాయి, కొంత పరుపులోకి, పుస్తకాల్లోకి, ప్లైవుడ్ కబోర్డులోకి, గోడ పుట్టీలోకి చేరతాయి. పొద్దున్న దుప్పటి చల్లగా తగిలితే రాత్రి చొక్కాలోంచి వెళ్లిన నీరు దాన్లో ఉందన్నమాట.

మరి కిటికీ తీస్తే? బయట 28 డిగ్రీలు, 80 శాతం, అంటే మీటరుకి 21.8 గ్రాములు మోసుకుంటూ గాలి లోపలికి వస్తుంది. బట్టల మధ్య తిరిగి 90 శాతం నిండి బయటికి పోతే మోసుకెళ్లేది 24.5. ఒక్కో మీటరు గాలి తీసుకెళ్లేది 2.7 గ్రాములే, మూడు లీటర్లకి సుమారు 1,100 ఘనపు మీటర్ల గాలి కావాలి. గదిలో గాలి మొత్తం 33 సార్లు మారాలన్నమాట. పది గంటలు తీసుకుంటే గంటకు మూడుసార్లు పైచిలుకు.

వినడానికి భయంగా ఉంది గానీ, ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి కాస్త గాలి ఆడితే ఇంతకన్నా ఎక్కువే మారుతుంది. సమస్య ఎక్కడంటే, మా వీధి లాంటి చోట పక్క అపార్ట్‌మెంట్ గోడ చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఉంటుంది, గదికి ఉన్నది ఒకే కిటికీ. అక్కడ కిటికీ తీయడమంటే డబ్బాకి ఒకవైపు మాత్రమే చిల్లు పెట్టినట్టు. గంటకు 200 ఘనపు మీటర్ల గాలి లాగే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అదే పని ఐదున్నర గంటల్లో అవుతుంది, ఆ లాగిన గాలి స్థానంలో కొత్తది రావడానికి ఇంకోవైపు సందు ఉంటేనే. బాత్రూమ్‌లో ఆరేసిన బట్టలు కొన్నిసార్లు హాల్లో వాటికన్నా ముందు ఆరడానికి రహస్యం ఆ ఎగ్జాస్టే.

తెరవాలా, మూయాలా: ఇద్దరూ కరెక్టే, గంట వేరు

ఇక్కడ శాతం చూసి మోసపోతాం. బయట 84 అని ఫోన్ చూపిస్తే లోపల అంతకన్నా తక్కువే ఉందనుకుంటాం. కానీ తడి బట్టలున్న గదిలో గాలి దాదాపు ఎప్పుడూ బయటి గాలికన్నా ఎక్కువ నీరే మోస్తుంటుంది. అక్కడ మూడు లీటర్ల ఊట ఉంది మరి. అందుకే బట్టలు తడిగా ఉన్నంతసేపూ, ఏసీ వేయనంతసేపూ, అత్తగారి మాటే నిజం, బయట 84 ఉన్నా సరే.

ఏసీ వేశాక లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు లోపలి గాలిలో నీరు తక్కువ, బయట ఎక్కువ. కిటికీ తెరిస్తే బయటి తేమ లోపలికి వచ్చి చల్లబడి, ఎక్కడ చల్లటి గోడ దొరికితే అక్కడ దిగుతుంది. అప్పుడు మా అబ్బాయి గెలుస్తాడు. అన్నిటికన్నా చెడ్డది మధ్యేమార్గం: ఏసీ నడుస్తుంటుంది, బాల్కనీ తలుపు జానెడు తెరిచి ఉంటుంది, ఆ తలుపుకే తడి తువ్వాళ్లు. కరెంటు బిల్లు వస్తుంది గానీ బట్టలు ఆరవు.

చలి దేశాల సలహా మనకి ఎందుకు సరిపోదో కూడా దీంట్లోనే ఉంది. లండన్ లాంటి చోట శీతాకాలంలో బయట 5 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకుందాం. ఆ గాలి మోసేది 6 గ్రాములే. అది ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 35 శాతానికి పడిపోతుంది, తువ్వాలు తుడిచినట్టు ఇంటిని ఆరబెడుతుంది. వాళ్లకి తంటా ఎక్కడంటే, చలికి ఆ కిటికీ తెరవరు. గ్లాస్గోలోని మెకింటాష్ ఆర్కిటెక్చర్ స్కూల్ పరిశోధకులు 2012లో ఇళ్లలో తేమలో 30 శాతం దాకా ఆరేసిన బట్టల నుంచే వస్తోందని చెప్పింది అలాంటి మూసి ఉంచిన ఇళ్ల గురించి. మనకి ఆ సుఖం కాస్తో కూస్తో డిసెంబరు, జనవరిలో దొరుకుతుంది. పొద్దున్నే 20 డిగ్రీలు, 85 శాతం అని చూపిస్తుంది, భయపడక్కర్లేదు. ఆ గాలి గదిలో 26కి వేడెక్కితే 60 శాతమే. ఆగస్టులో ఆ సౌకర్యం లేదు, బయటా లోపలా దాదాపు ఒకే వేడి.

ఏసీ ఏం చేస్తుందంటే, లోపల చల్లటి కాయిల్ మీద గాలిలోని ఆవిరిని నీళ్లుగా మార్చి పైపులోంచి బయటికి పంపుతుంది. టన్నున్నర ఏసీ ముసురు రోజుల్లో గంటకు లీటరు పైనే లాగగలదు. పైపు కింద బకెట్ పెట్టి చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. కాకపోతే ఇన్వర్టర్ ఏసీలు గది చల్లబడగానే నెమ్మదిస్తాయి, అప్పుడు నీరు లాగడమూ తగ్గుతుంది. డ్రై మోడ్ ఆ సమయంలో పనికొస్తుంది, ఫ్యాన్‌ని మెల్లగా తిప్పుతూ చల్లదనం కన్నా తేమ మీద దృష్టి పెడుతుంది. గది చిన్నదై, తలుపు కింద సందు లేకుండా ఉంటే బాగానే ఆరుతాయి.

బూజు గాలిలో కాదు, చల్లటి గోడ మీద

బూజు అనే మాటతో మనకో చిక్కుంది. సాలెగూడునీ బూజే అంటాం, పచ్చడి మీద తేలే తెల్లదాన్నీ బూజే అంటాం. మొదటిది కర్రతో దులిపితే పోతుంది. రెండోది ప్రాణమున్నది, శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, కిటికీ మూసినా తెరిచినా. వాటికి కావలసింది తిండి, తేమ, కొన్ని రోజుల సమయం. తిండికి దుమ్ము చాలు, పెయింట్ చాలు, కాగితం చాలు. కాబట్టి మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

చాలామంది గోడ మీద నీళ్లు కనిపిస్తేనే బూజు పడుతుందనుకుంటారు. అవసరం లేదు. గోడని అంటుకుని ఉన్న పలచటి గాలి పొరలో తేమ 80 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలు. ఆ పొరలో తేమ ఎంతన్నది గోడ చల్లదనాన్ని బట్టి ఉంటుంది, గది మధ్యలో వేలాడదీసిన తేమ మీటర్ చూపించేది వేరే.

ఒక ఉదాహరణ. బెడ్‌రూమ్‌లో ఏసీ 22 మీద నడుస్తోంది. అవతల హాల్లో 30 డిగ్రీలు, 75 శాతం తేమ. మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. హాలు వైపు ఆ గోడ తలం సుమారు 27.7 డిగ్రీలకు చల్లబడుతుంది. చేయి పెడితే పెద్దగా తెలియదు కూడా. కానీ గోడని తాకిన గాలిలో తేమ 75 నుంచి 86కి ఎగబాకుతుంది. ఇప్పుడు హాల్లో మూడు లీటర్ల బట్టలు ఆరేశాం, తేమ 85కి చేరింది. అదే గోడ మీద ఇప్పుడు 97. ఇక రెండు డిగ్రీలు కాదు, అర డిగ్రీ చల్లబడితే గోడ చెమటలు కారుస్తుంది. హాల్లో బట్టలు, బెడ్‌రూమ్‌లో ఏసీ అనే ఏర్పాటు మన దగ్గర ఎంత మామూలో ఆలోచించండి. ఏసీ గోడకి హాలువైపు స్టీలు బీరువా ఆనించి పెట్టి ఉంటే అక్కడికి ఫ్యాన్ గాలి కూడా చేరదు. నల్ల చుక్కలు మొదట అక్కడే ఎందుకు పుడతాయో ఇంక చెప్పక్కర్లేదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉంచమంటుంది, తడిసిన వస్తువులు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే చాలావరకు బూజు పట్టదనీ అంటుంది. రెండో మాట మనకి బాగా పనికొస్తుంది. మొదటిది మాత్రం, బయటే 80 ఉన్న నెలల్లో రోజంతా ఏసీ నడపగలిగిన ఇంటికే సాధ్యం. బట్టలు ఒక్కటీ ఆరేయని ఇంట్లో కూడా ఆగస్టులో తోలు బెల్టుకీ బూట్లకీ బూజు పడుతుంది కదా. మన ఇళ్లు ఆ నెలల్లో ఎప్పుడూ అంచు మీదే ఉంటాయి, తడి బట్టలు ఆ అంచు దాటించే చివరి తోపు.

మడి దండెం కింద గోడకి బూజు లేదేం?

"మా రోజుల్లో ఇంట్లో ఆరేయలేదా" అనే మాటకి జవాబు చెప్పాలి, ఎందుకంటే నిజంగానే ఆరేశారు. మడి బట్టలు ఎవరూ తగలకుండా పైకప్పుకి దగ్గరగా కట్టిన వెదురు దండెం మీద కర్రతో ఎత్తి ఆరేసేవాళ్లు. ఏ మూలా నల్లగా అయిన గుర్తు లేదంటారు అత్తగారు.

ఆ ఇల్లు చూస్తే కారణాలు కనిపిస్తాయి. నడి మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, పెంకుల సందుల్లోంచి పైకి పోయే గాలి, ఆరేసేది ఒకటి రెండు చీరలు, పంచెలు, అవీ పలచటి నూలువి. దండెం ఎత్తులో ఉండటం కూడా లాభమే, ఇంట్లో వెచ్చటి గాలి పైనే చేరుతుంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో సీలింగ్‌కి బిగించి తాడుతో లాగే స్టాండ్లు దాని మనవళ్లే. గోడలకేమో ఏటా సంక్రాంతి ముందు సున్నం. కొత్త సున్నానికి క్షార గుణం ఎక్కువ, దాని మీద శిలీంధ్రం బతకడం కష్టం. ఇప్పటి పుట్టీ, ఎమల్షన్ పెయింట్, పీవోపీ సీలింగ్ చూడ్డానికి నున్నగా ఉంటాయి, ఆ క్షార గుణం కొన్నాళ్లకే పోతుంది. పైగా ఆ ఇంట్లో ఏసీ లేదు, చల్లటి గోడే లేదు. కాబట్టి అప్పటి పద్ధతి తప్పు కాదు, ఇప్పటి ఇల్లు వేరు.

ముక్క వాసన వేరే కథ

బట్టలు వాసన వస్తే బూజు పట్టిందనుకుంటాం. సాధారణంగా కాదు. 2012లో జపాన్ పరిశోధకులు సరిగ్గా ఈ వాసన మీదే పనిచేసి, మోరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా దీనికి ప్రధాన కారణమని తేల్చారు. ఉతికాక బట్టలో మిగిలిన చెమట, నూనె జిడ్డు మీద అది పెరిగి ఒక కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది, వాసన దానిది. ఎండిపోయినా చావకుండా తట్టుకుంటుంది. అందుకే పొద్దున వాసన లేని చొక్కా మధ్యాహ్నం చెమట పట్టగానే గుప్పుమంటుంది. జపాన్‌లోనూ వర్షాకాలంలో గదుల్లోనే ఆరేస్తారు, అక్కడ దానికోసమని ప్రత్యేకంగా డిటర్జెంట్లే అమ్ముతారు. ఇక్కడ తేల్చేది బట్ట ఎన్ని గంటలు తడిగా ఉందన్నదే, ఎంత సువాసన పోశామన్నది కాదు. మందపాటి తువ్వాలు, జీన్స్ నడుము పట్టీ, స్కూల్ చొక్కా కాలరు ఆఖరికి ఆరతాయి కాబట్టి వాసన అక్కడే మొదలు.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుందన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. నూలు ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉండదు, 65 శాతం తేమ ఉన్న గాలిలో తన బరువులో ఎనిమిదిన్నర శాతం నీటిని పట్టి ఉంచుకోవడం దాని సహజ గుణం. పాలిస్టర్ అయితే అర శాతం కూడా పట్టదు. గుంటూరు వైపు పత్తి రైతుకి ఈ అంకె కొత్తగా ఉండదు. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కడ్నుంచి 12 దాకా కోత, 12 దాటితే కొనరు. మిర్చి యార్డుకి తెచ్చే కాయని కూడా పది పదకొండు శాతానికి ఆరబెట్టకుండా సంచికి ఎత్తితే లోపల బూజు పడుతుందని కల్లంలో పనిచేసిన ఎవరైనా చెబుతారు, గుప్పిట్లో ఊపితే గింజ గలగలమనాలి. చొక్కాకి అలాంటి గలగల లేదు. తాకి చూస్తే చల్లగా తగిలేది తడి వల్లా, ముసురు గాలి వల్లా అన్నది వేలికి తెలియదు. ఆ చెమ్మతోనే మడిచి బీరువాలో పెడితే బీరువాయే తడి గది అవుతుంది.

ఒక లీటరు నీటిని వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు

ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి భౌతిక శాస్త్రం అడిగే రుసుము 0.67 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి. ఎండా గాలీ ఉచితంగా ఇచ్చేది ఇదే. మూడు లీటర్లకి రెండు యూనిట్లు. మామూలు డ్రయర్‌లో వృథాతో కలిపి మూడు నాలుగు అవుతాయి, వాడిన వేడినే మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకం దాదాపు సగంలో ముగిస్తుంది, కానీ కొనేటప్పుడు ధర చూసి ముసురు భరించడమే నయమనిపిస్తుంది. గాలిలోంచి నీటిని లాగే డీహ్యుమిడిఫయర్ ఒక యూనిట్‌కి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తీస్తుంది, అంటే మన మూడు లీటర్లకి రెండు యూనిట్ల లోపు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే పన్నెండు రూపాయలు. గదిని కాస్త వేడెక్కిస్తుంది, ఏసీ లేని గదిలో అది ఉక్కగా తగులుతుంది, బట్టలకి మాత్రం మంచిదే.

అన్నిటికన్నా చవకైనది ఆవిరి దాకా రానివ్వకపోవడం. స్పిన్‌లో వదిలే నీరు నీరుగానే డ్రైనేజీలోకి పోతుంది, దానికయ్యే కరెంటు లెక్కలోకి రాదు. చాలా టాప్‌లోడ్ మెషీన్లు నిమిషానికి 700 చుట్ల దగ్గర తిరుగుతాయి. పాత సెమీ ఆటోమేటిక్‌లో ఆ పక్క చిన్న తొట్టి 1,300 దాకా తిరుగుతుంది. మాది అమ్మేసి కొత్తది కొన్న ఏడాది బట్టలు ఎందుకు ఆలస్యంగా ఆరుతున్నాయో మాకు అర్థం కాలేదు, వానల మీదకి నెట్టేశాం. రెండోసారి స్పిన్ పెట్టి వచ్చిన నీళ్లు మగ్గుతో పట్టి చూశాక తెలిసింది, అర లీటరు పైనే ఉంది.

కబోర్డుల్లో పెట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు నిజంగానే తేమ పీలుస్తాయి, కాకపోతే కొన్ని వందల మిల్లీలీటర్ల దగ్గర నిండిపోతాయి. మూసిన బీరువాకి సరే, మూడు లీటర్ల బట్టలున్న హాలుకి సముద్రంలో చెంచా. కలరా ఉండలు, కర్పూరం తేమని ఏమీ చేయవు, పురుగుల సంగతి చూస్తాయి, వాసనని కప్పుతాయి.

ఆరోగ్యం మాటేమిటి

తడి ఇంటికీ శ్వాస బాధలకీ సంబంధం ఉందన్నది వివాదం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంట్లో చెమ్మ, బూజు ఉన్నచోట దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పింది, అయితే ఇంత బూజు దాకా ఫరవాలేదు అనే అంకె ఏదీ ఇవ్వలేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకి ఆస్పర్‌జిల్లస్ లాంటి శిలీంధ్రాలు నిజంగా ప్రమాదం. అక్కడి నుంచి "ఇంట్లో బట్టలు ఆరేస్తే జబ్బులొస్తాయి" అనే ఫార్వర్డ్ మెసేజ్‌కి దూకడం మాత్రం తొందరపాటు. జబ్బు చేసేది బట్ట కాదు, వారాల తరబడి తడిగా ఉన్న గోడ. గాలాడే హాల్లో వానరోజు నాలుగు చొక్కాలు ఆరేసిన ఇంటినీ, కిటికీ లేని గదిలో రోజూ బకెట్ బట్టలు ఆరేసి అక్కడే పసిపిల్లని పడుకోబెట్టే ఇంటినీ ఒకే గాటన కట్టలేం. ఆ రెండో ఇల్లు ఒక్క గదికి అద్దె కట్టగలిగినవాళ్లది అయ్యుంటుంది, డాబా మీదకి వెళ్లే తాళం చెవి కూడా వాళ్ల దగ్గర ఉండదు.

గోడ తడికి ఎప్పుడూ బట్టలే కారణమా

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. 9 అంగుళాల ఇటుక గోడ అలా నీళ్లు తాగితే ఆరడానికి నెలలు పడుతుంది, అంగుళానికి ఒక నెల అని పాత మోటు లెక్క ఒకటుంది. అలాంటి గోడలోంచి వచ్చే చెమ్మకీ దండేనికీ సంబంధం లేదు. నేలలోంచి ఎగబాకే తడి కూడా అంతే, అది మోకాలెత్తు దాకా వచ్చి పెచ్చులూడగొడుతుంది, తెల్లటి పొడి రాలుస్తుంది. ఆ తెల్లది బూజు కాదు, నీళ్లు చల్లితే కరిగిపోయే ఉప్పు. పైపు లీకు అయితే మరక ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంది, ఎండాకాలంలోనూ పోదు. గాలిలోంచి దిగే చెమ్మ వీటన్నిటికీ భిన్నంగా మూలల్లో, ఏసీ గోడ మీద, బీరువా వెనక, ముసురుతో వచ్చి ఎండతో పోతుంది.

అనుమానం ఉంటే తేల్చే పాత చిట్కా ఒకటుంది: జానెడు పాలిథిన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయడం. ముక్క పైన తడి పేరుకుంటే నీరు గదిలోంచి వస్తోంది, కింద గోడవైపు పేరుకుంటే గోడలోంచి వస్తోంది.

మేమూ పెట్టాం, బీరువా వెనక. రెండు రోజులు మా అబ్బాయి హాల్లో దండెం తీసేయాలని, అత్తగారు ఏసీ కట్టేయాలని, ఎవరి వాదన వాళ్లు వినిపించారు. మూడో రోజు పొద్దున బీరువా జరిపి చూస్తే పాలిథిన్ పైవైపు ఎండిన ఆకులా పొడిగా ఉంది, లోపలివైపు నీటి చుక్కలు గొలుసులా పట్టి ఉన్నాయి. పై అంతస్తు బాత్రూమ్ పైపు సరిగ్గా ఆ గోడలోంచే దిగుతుంది.

"చూశావా" అని ఇద్దరూ నావైపే తిరిగి అన్నారు.